పాలవెల్లి పళ్ళు, మీ నారింజ దండ

అమ్మలూ,

క్రిస్మస్‌కి మీ డాలస్ ఇంట్లో నారింజ చక్రాలు ఎండబెట్టి దండ కడతామన్నావు. తినే పండును అలా వేలాడగట్టడం తప్పేమో అనీ అడిగావు. తప్పని నేననను. వినాయక చవితికి మనింట్లో పాలవెల్లికి కట్టేవన్నీ తినేవే కదా! వెలక్కాయ, మొక్కజొన్న పొత్తు, దానిమ్మ, జామకాయ. పూజయ్యాక అవేమయ్యేవో గుర్తుందా? వెలక్కాయ మర్నాడు పచ్చడయ్యేది. జామకాయల కోసం నువ్వూ మీ అన్నా కొట్టుకునేవాళ్ళు.

అక్కడా నారింజ ఒకప్పుడు అపురూపమే. 1930ల ఆర్థిక మాంద్యంలో చాలామంది పిల్లలకు క్రిస్మస్‌నాడు కానుకల మేజోడులో దొరికిన ఒక్క పండే పెద్ద కానుకట. అందుకని నిగనిగలాడే పళ్ళు తినెయ్యండి. తొక్క ముడతపడ్డవీ, పుల్లగా ఉన్నాయని ఎవరూ ముట్టనివీ దండకు చాలు.

ఇక పని సంగతి. మామిడి ఒరుగులు, మాగాయ ముక్కలు ఎండబెట్టిన చేతులు కనుక ఈ నాలుగు మాటలు చెప్పగలను. ఇక్కడ మే నెల ఎండ చేసే పని అక్కడ డిసెంబర్లో ఓవెన్ చేయాలి. కత్తి పదునుగా ఉండాలి, ముక్క అర సెంటీమీటరు మందం మించకూడదు. గుడ్డతో తడి అద్ది, జాలీ మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి, 200 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో, అంటే సుమారు 93 సెల్సియస్‌లో, మూడు నాలుగు గంటలు ఉంచు. మధ్యలో తిరగెయ్యి. ముక్క మందమైతే ఇంకా సేపు పడుతుంది, పట్టనీ. తొందరపడి వేడి పెంచావో, పైన చక్కెర మాడి నల్లబడుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. తొక్క కింది తెల్ల పొరను వేలితో నొక్కి చూడు. మెత్తగా ఉంటే దండ కట్టిన వారానికే బూజు పడుతుంది. ఆపిల్ ముక్కలైతే ముందు నిమ్మరసం కలిపిన నీళ్ళలో ముంచు, అంతగా రంగు మారవు.

ఒక్క ట్రే కోసం అంతసేపు ఓవెన్ వెలిగించకు. రెండు అరలూ నింపు, నీ రూమ్మేటు పళ్ళూ పక్కవాళ్ళవీ కలిపి పెట్టు. కరెంటు నీ డబ్బుదే అయినా వృథా వృథాయే.

మెరుపు స్ప్రే కొడితే ఏళ్ళతరబడి ఉంటాయని ఎవరో చెప్పారన్నావే, అది మాత్రం నాకు నచ్చలేదు. స్ప్రే కొట్టిన ముక్క అటు నోటికీ పనికిరాదు, ఇటు మట్టికీ పనికిరాదు. పండుగ వస్తువుకు పండుగంత ఆయుష్షు చాలు. రోజులు గడిచేకొద్దీ నారింజ రంగు మట్టిరంగుకు తిరుగుతుంది, తిరగనీ. నూలు దారంతోనే గుచ్చు. జనవరిలో విప్పి, దారం చుట్టి దాచుకుని, ముక్కలు కంపోస్టులో వెయ్యి. వచ్చే ఏడు మళ్ళీ కోసుకోవాలి కదా అని బద్ధకించకు. ఆ కోయడంలో, గుచ్చడంలో నలుగురూ ఒకచోట కూర్చోవడమే ఇందులో నాకు నచ్చిన సంగతి. దండ అందచందాలు తర్వాత. ఫొటోలంటావా, తీసుకో, కాకపోతే పనయ్యాకే.

మీ పక్క వాటాలో ఒంటరిగా ఉండే పెద్దావిడ గురించి మొన్న ఫోన్లో చెప్పావు. ఆవిడనూ పిలిచి కూర్చోబెట్టు. కత్తి పట్టలేకపోతే గుచ్చుతుంది. మొదటి దండ ఆవిడ తలుపుకే కట్టు, మీది తర్వాత.

మీ అమ్మమ్మ