మెప్పు కోరని గురువు

పిఠాపురం దత్తక్షేత్రంగా ప్రసిద్ధి పొందడానికి, దత్తాత్రేయుని అవతారంగా భక్తులు కొలిచే శ్రీపాద శ్రీవల్లభులు అక్కడ జన్మించారన్న విశ్వాసమే ఆధారం. భాగవతం ఏకాదశ స్కంధంలో యదు మహారాజుకు తన ఇరవై నలుగురు గురువులను గురించి చెప్పిన అవధూత, అంటే లోకబంధాలను విదిల్చుకున్న విరాగి, ఆ దత్తాత్రేయుడేనని సంప్రదాయం చెబుతుంది. నేల, నీరు, మిడత, కొండచిలువ గురువులు కాగలిగినప్పుడు, మీట నొక్కగానే అక్షరం పలికే బొమ్మ గాని, మూడేళ్ల పిల్లల వేలికి బదులిచ్చే ట్యాబ్ గాని గురువు ఎందుకు కాకూడదన్నది దత్తభక్తులు తోసిపుచ్చలేని ప్రశ్న.

అయితే ఆ గురువులెవరూ పాఠం చెప్పలేదు; అవధూత తన బుద్ధితోనే వారి నుంచి గ్రహించాడు. ఆ వివేకం ఇంకా కలగని వయసులో మరో మనిషి తోడు అవసరమవుతుంది. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి విద్యను రెండు అక్షరాలు కలిసే సంధితో పోల్చి, ఆచార్యుణ్ణి ముందు అక్షరంగా, శిష్యుణ్ణి తరువాతి అక్షరంగా, ప్రవచనాన్ని, అంటే నోటితో బోధించడాన్ని, వారిని కలిపే సంధానంగా భావించింది. 2003లో అమెరికాలో పట్రీషియా కూల్ బృందం జరిపిన ప్రయోగంలో తొమ్మిది నెలల పిల్లలు ఎదుట కూర్చున్న మనిషి నుంచి చైనా భాషా ధ్వనులు పట్టుకున్నారు గాని, వీడియో నుంచి పట్టుకోలేకపోయారు. ఆ వీడియో పిల్లలకు బదులిచ్చేది కాదు, ట్యాబ్ బదులిస్తుంది; కనుక ఆ ఫలితంతోనే ట్యాబ్‌పై తీర్పు చెప్పడం న్యాయం కాదు.

అసలు చిక్కు ఆ బదులు పలికే తీరులోనే ఉంది. అక్షరాభ్యాసంలో తండ్రి ఒడిలోని బిడ్డ వేలు పట్టుకుని పురోహితుడు పళ్లెంలోని బియ్యంలో ‘ఓం’ దిద్దిస్తాడు. బిడ్డ పెనుగులాడుతుంది, బియ్యం ఒలుకుతుంది, అక్షరం సగంలోనే చెరిగిపోతుంది, అయినా ఎవరూ దానికి మార్కులు వేయరు. యాప్‌లో చుక్కల మీదుగా వేలు సరిగ్గా నడిస్తే నక్షత్రాలు రాలుతాయి, చప్పట్లు మోగుతాయి. అవధూత గురువుల్లో బాలుడూ ఒకడు. మానావమానాలు పట్టక తనలో తానే ఆడుకునే స్వభావమే అవధూత అతని వద్ద నేర్చిన పాఠం. పెద్దలు ఏళ్ల తరబడి సాధన చేసి తిరిగి సంపాదించుకోవలసిన ఆ స్థితిని, మూడేళ్లకే చప్పట్లకు అలవాటు చేసి పోగొట్టడం విచిత్రమైన విద్య.

తల్లి కూడా మెచ్చుకుంటుంది కదా అన్న ఆక్షేపం సబబే. కాని తల్లి పొయ్యి దగ్గర ఉండి ఒక్కోసారి చూడదు, విసుగొస్తే ‘ఊఁ’ అని ఊరుకుంటుంది, కాబట్టి బిడ్డకు మెప్పు లేకుండా ఆడుకునే ఘడియలూ దక్కుతాయి; యంత్రం ఒక్కసారీ పరాకు పడదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది గాని, ఆ గంటలో మోగే చప్పట్ల సంగతి గడియారానికి అందదు.

చదువు రాని అమ్మమ్మ ఉన్న ఇంట్లో మాత్రం ఈ బొమ్మ మరో పని చేయగలదు. ‘ళ’ను బొమ్మ పలికినట్టు పలికి, అమ్మమ్మ చేత అనిపించి, ఆమె తడబడితే సరిదిద్దే మనవరాలు ఉపనిషత్తు చెప్పిన ముందు అక్షరం స్థానంలో తానే నిలబడుతుంది, బొమ్మ పళ్లెంలో బియ్యమంత సాధనమై ఊరుకుంటుంది.