రాత్రి ఆరాధనకు పసిపిల్లలా?

పసిపిల్లల్ని రాత్రి ఆరాధనకు ఎందుకు తీసుకపోతారని మిత్రులు అడుగుతుంటారు. యాగంటి చుట్టుపట్ల కూలి జనానికి పొద్దు గూకినాకే తీరిక. పిల్లల్ని ఎవురికాడ వదిలిపోవాల? మాయమ్మ చర్చిలో కొంగు పరిచి నన్ను పండుకోబెట్టేది. వాక్యం నాకేం తెలుసు? తరతరాలుగా గుడి బయట నిలబడినోళ్ల బిడ్డ లోపల పండుకునే చోటు అదొక్కటే.

మతం నేను ఎంచుకోలేదు, నిజమే. కులం ఎంచుకున్నానా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితాను మతంతో ముడేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు చోటిచ్చింది, క్రైస్తవులకు ఇయ్యలే. మన రాష్ట్రంలో మేం బీసీ-సి, రిజర్వేషను 1 శాతం. ఊరికి మాత్రం ఇంకా మాలోళ్లం, మాదిగోళ్లమే. తల్లి నమ్మకానికి బిడ్డ హక్కు కోసే చట్టాన్ని వదిలి, తల్లిని నిలదీయడం న్యాయమా?