ఇంటివాడు చెప్పిన నిజం

వేల్స్‌లో ఏటా ఆగస్టులో నేషనల్ ఐస్టెద్వోద్ అనే పెద్ద సాహిత్యోత్సవం జరుగుతుంది. గెలిచిన కవిని 'గోర్సెద్' అనే కవుల మండలి సత్కరిస్తుంది. ఆ మండలి వాళ్లు తెలుపు, నీలం, ఆకుపచ్చ అంగీల్లో వేదికెక్కుతుంటే ఇదేదో రెండువేల ఏళ్ల నాటి ఆచారమేమో అనిపిస్తుంది. నిజానికి దాన్ని 1792లో ఒక రాతిపనివాడు మొదలుపెట్టాడు, అదీ లండన్‌లో ప్రిమ్‌రోజ్ హిల్ మీద. 1819లో ఐస్టెద్వోద్‌కి జోడించాడు.

ఆ మనిషి పేరు ఎడ్వర్డ్ విలియమ్స్ (1747–1826). కలంపేరు యోలో మోర్గానుగ్. గ్లమోర్గన్‌లో రాళ్లు చెక్కుకుంటూ, పాత రాతప్రతులు ఎక్కడున్నాయంటే అక్కడికి వెళ్లి నకళ్లు రాసుకునేవాడు. ఏళ్ల తరబడి నల్లమందు ద్రావకం తాగాడు. కౌబ్రిడ్జ్‌లో కొట్టు పెట్టినప్పుడు బానిసల చేత పండించిన చక్కెర అమ్మనన్నాడు. అంత నిక్కచ్చి మనిషీ తను రాసిన కవితల్ని 14వ శతాబ్దపు మహాకవి దావిద్ ఆప్ గ్విలిమ్‌వని చెప్పి అచ్చుకిచ్చాడు. 1789లో వచ్చిన ఆ కవి సంపుటి అనుబంధంలో అవి చేరాయి. వందేళ్లకి పైగా జనం వాటిని దావిద్ కవితలుగానే మెచ్చుకున్నారు.

యోలో రాతప్రతుల్నీ ఆ కవితల భాషనీ పట్టి చూసి, ఇవి యోలో సొంత సృష్టి అని 1926లో ఒక పుస్తకంతో తేల్చినవాడు గ్రిఫిత్ జాన్ విలియమ్స్ (1892–1963). కార్డిఫ్‌లో వెల్ష్ అధ్యాపకుడు, తర్వాత ప్రొఫెసర్. నన్ను పట్టుకున్నది ఈయన కథ. ఎందుకంటే ఈయన బయటినుంచి వచ్చి వెక్కిరించినవాడు కాదు. ఆ పుస్తకానికి రెండేళ్ల ముందు, 1924 జనవరిలో, సాండర్స్ లూయిస్, ఆంబ్రోస్ బెబ్‌లతో కలిసి పెనార్త్‌లో ఒక రహస్య జాతీయ బృందాన్ని మొదలుపెట్టాడు. ఆ తర్వాత అదే ప్లైడ్ కమ్రి పార్టీలో కలిసింది.

అప్పటి పరిస్థితి చూడండి. 1847 నాటి ప్రభుత్వ నివేదిక వెల్ష్ భాషే ఆ జనం వెనకబాటుకి కారణమన్నట్టు రాసింది. 1921 లెక్కల్లో ఆ భాష మాట్లాడేవాళ్లు సుమారు 37 శాతానికి పడిపోయారు. ఇలాంటప్పుడు మనవాళ్ల గర్వకారణాల్లో ఒకటి దొంగదని మనమే చెప్పాలా? కొన్నాళ్లు ఊరుకుంటే పోయేదేముంది? ఈ ప్రశ్నని నేను తేలిగ్గా కొట్టిపారేయలేను. సొంత భాష గొప్పదనం గురించి వచ్చిన ఫార్వర్డ్ మెసేజ్ తప్పని తెలిసినా, ఫ్యామిలీ గ్రూపులో ఆ మాట అనడానికి ఎంత మొహమాటపడతామో మనకి తెలియనిది కాదు.

నాకు దొరికిన జవాబు ఆయన 1948లో రాసిన పుస్తకంలో ఉంది. గ్లమోర్గన్ సాహిత్య సంప్రదాయం చరిత్ర అది. ఆ నేల మీద నిజంగా బతికిన కవులు, లేఖకులు, వాళ్లని పోషించిన కుటుంబాలు అందులో ఉన్నారు. యోలో తన ప్రాంతానికి డ్రూయిడ్‌ల వారసత్వం కట్టబెట్టాలని చూశాడు గానీ, ఆ కట్టుకథ పోగుపడేకొద్దీ దాని అడుగున పడిపోయింది వీళ్లే. లేని పూర్వీకుల్ని పుట్టించడమంటే, ఉన్నవాళ్లు చాలలేదని అనడమే కదా. నాకు యోలో చేసిన పనిలో మోసం కన్నా ఈ అవమానమే ఎక్కువ బాధనిపించింది.

అలాగని విలియమ్స్ యోలోని అక్కడితో వదిలేయలేదు. బగ్ దొరికితే సరిచేసి, టికెట్ మూసేసి, తర్వాతి పనికి పోయే వృత్తి నాది. ఆయన మాత్రం తను దొంగ అని పట్టించిన మనిషితోనే ఇంకో ముప్పై ఏళ్లకి పైగా గడిపాడు. కాలంలో అంతటి రాతప్రతుల జ్ఞానం ఉన్నవాడు మరొకడు లేడనీ, ఆ దొంగ కవితలు రాసినవాడు నిజంగా పెద్ద కవి అనీ ఒప్పుకున్నాడు. ఇక్కడ నాకింకా తెగని విషయం ఒకటుంది. దావిద్ పేరుతో చదివినప్పుడు కదిలించిన పంక్తి, యోలోదని తెలిశాక తగ్గిపోతుందా? తగ్గకూడదనే అంటాను. అయినా ఆ పంక్తి మీద నమ్మకం మునుపటిలా ఉండదు. గోర్సెద్‌తో ఈ పేచీ లేదు. 1792 నాటిదని తెలిసే అంగీలు వేసుకుంటున్నారు కాబట్టి అది ఇప్పుడు అబద్ధం కాదు, వాళ్ల ఆచారం.

యోలో జీవితచరిత్ర మొదటి సంపుటం 1956లో వచ్చింది. రెండోది పూర్తికాకుండానే విలియమ్స్ పోయాడు. యోలో కాగితాలు అబెరిస్ట్విత్‌లో వేల్స్ నేషనల్ లైబ్రరీలో ఉన్నాయి. నిజమైన నకళ్లూ, ఆయన కల్పించినవీ, రెండూ ఒకే దస్తూరీలో.