కోకో తాగే ముందు

రసం మామిడిపళ్లకు పేరుపడ్డ మన నూజివీడు 2022లో ఏలూరు జిల్లాలో చేరింది. అదే జిల్లాలో కొబ్బరి, ఆయిల్‌పామ్ నీడన కోకో పండుతోంది. కాయలోని గింజల్ని కొన్నిరోజులు పులియబెట్టి ఎండబెడతారు. రైతు ఓపికంతా అక్కడే ఉంటుంది.

మనకిది పంట, మధ్య అమెరికాలో మాయా ప్రజలకు మాత్రం కోకో దైవకార్యాల పానీయం. ఆ సంప్రదాయం పేరు చెప్పి ఇప్పుడు ధ్యాన శిబిరాల్లో ఒక్కొక్కరికి 40 గ్రాముల దాకా కలిపి ఇస్తున్నారు. పూజాద్రవ్యమైనా ఒంటిమీద పనిచేసేదే కదా! కోకోలోని థియోబ్రోమిన్, కెఫీన్ గుండె వేగాన్ని పెంచగలవు. గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు, కుంగుబాటుకు మందులు వాడేవారు ముందు డాక్టరును అడగండి. మొదటిసారి 10 గ్రాములు చాలు, అదీ పొద్దున్నే, మెల్లగా, రుచి తెలిసేలా తాగండి. రాత్రి తాగితే నిద్ర చెడుతుంది. మిగిలింది కుక్కకు మాత్రం పోయకండి, దానికది విషం.