గర్వమునకు తగిన దండన

గర్వము దోషమని యొప్పుకొనని వారు లేరు. దానికి తగిన దండన యేది యని యడిగినచో మాత్రము ఉత్తర మంత సులభముగా దొరకదు. యవనుల పురాణము లీ విషయమున చిత్రమైన తీర్పులు చెప్పినవి. తన్ను వలచినవారిని తృణీకరించిన నార్సిసస్సు తన ప్రతిబింబమునే వలచి నీటియొడ్డున కృశించి మరణించెను. నేతపనిలో అథీనా దేవతతో పోటీపడిన అరాక్నె సాలెపురుగై పోయెను. దండన దోషమును పోలియుండుటచేత ఇవి మనకు న్యాయములుగా తోచును.

కాని పోలికయే న్యాయమా? బిడ్డలు పెక్కుమంది గలరని నియోబె గర్వింపగా దేవతలు చంపినది ఆ బిడ్డలను. సముద్రకన్యలను మించిన యందము తమ యింటిదని కాసియొపియా పలుకగా, భూతమునకు బలిగా శిలకు గట్టబడినది ఆమె కూతురు. తప్పొకరిది, శిక్ష వేరొకరిది. అంతియకాదు, అరాక్నె నేతలో అథీనా సయితము లోపమెన్నజాలకపోయెనని రోమక కవి ఓవిడ్ చెప్పెను. అట్లయిన నచట శిక్షించినది ధర్మమా, దెబ్బతిన్న దేవతాగర్వమా?

మన సత్యభామ కథ వేరు. ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణతులాభార నాటకమున స్థానం నరసింహారావుగారు పురుషుడయ్యు సత్యయై మెప్పించిరి. తరువాత ఫిలింనగరున స్టూడియో నెలకొల్పిన డి. రామానాయుడుగారు 1966లో ఆ కథను చిత్రముగా నిర్మింపగా, జమునగారు సత్యభామగను అంజలీదేవిగారు రుక్మిణిగను నటించిరి. సత్య తన ధనమంతయు త్రాసులో పోసినను తూగని కృష్ణుడు రుక్మిణి భక్తితో నుంచిన తులసిదళమునకు తూగెను. ఇచట నెవ్వరును చావలేదు. సత్య దేనిని చూచుకొని గర్వించెనో అదియే తూచబడెను; ఆమె కోల్పోయినది గర్వమొక్కటియే. రుక్మిణి ఆమెను పరిహసింపనులేదు.

ఆర్యులారా! ఇక మన మాట. చిత్రశాలల యెదుట నటుల నిలువెత్తు పటములకు పాలాభిషేకములు చేయువారము మనమే. వారి వయసు మీరినంతనే, చిత్రము పడిపోయినంతనే, తగినశాస్తి జరిగెనని సంతోషించువారమును మనమే. గర్వమును పెంచిన చేయియే దండించుటకు లేచుచున్నది. స్త్రీకి సౌందర్యము తప్ప వేరు విలువ నీయక, ఆమె యద్దము చూచుకొన్నదని నవ్వుట యంతకంటె నన్యాయము.

కాబట్టి దండన దోషికే తగులవలెను, ఆమె కన్ను తెరిపింపవలెను, దండించువానికి సంతోషము కలిగింపరాదు. ఈ మూడింటిలో కడపటిదియే మనకు కష్టము. పరుల గర్వభంగమును చూచి మనము నవ్వునప్పుడు త్రాసులో నున్నది మనమే యని యెరుగుదుము గాక.