చిటికెన వేలు దూరని చోట

చిన్న క్యామ్‌ను నమ్మొచ్చా అని, పడితే ఆపే సరంజామాను రాతి పగుళ్లలో తామే పెట్టుకుంటూ ఎక్కే ట్రాడ్ క్లైంబింగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతూనే ఉంటారు. పెద్దవాటి గురించి ఎవరూ అడగరు. నిజానికి లోపలి లెక్క రెండింటికీ ఒకటే. రాతి పగులులో పెట్టిన క్యామ్‌ను తాడు కిందికి లాగితే దాని రెక్కలు విచ్చుకుని రెండు గోడలనూ నెడతాయి. 1970లలో అమెరికాలోని యోసెమిటీలో, ఇలాంటి క్యామ్‌లు తయారుచేసిన రే జార్డిన్ రెక్కల వంపుకు పెట్టుకున్న కోణం 13.75 డిగ్రీలు, ఆ కోణంలో ఒక్కో గోడ మీద పడే ఒత్తిడి, కిందికి లాగే బలానికి ఇంచుమించు రెట్టింపు. పడేవాడి బరువే వాణ్ణి పట్టుకుంటుందన్నమాట.

తేడా అంతా పొరపాటుకు ఉన్న చోటులో ఉంది. పెద్ద క్యామ్‌లు చాలావరకు 12 కిలోన్యూటన్ల దాకా తట్టుకుంటాయి. అతి చిన్నవి కొన్ని 5 దగ్గరే ఆగిపోతాయి, సుమారు 500 కిలోల బరువు. ఎక్కువనిపిస్తుంది గానీ, గట్టిగా పడితే దాన్ని దాటొచ్చు. పైగా వాటి రెక్కలు విచ్చుకునేది కొన్ని మిల్లీమీటర్లే. తాడు ఊగి క్యామ్ కాస్త జరిగినా పట్టు పోతుంది.

యోసెమిటీలో నట్‌క్రాకర్ అనే దారి ఉంది. 1967లో రాయల్ రాబిన్స్, లిజ్ రాబిన్స్ మేకులు కొట్టకుండా, ఉత్త నట్లతో (పగులులో ఇరికించే లోహపు ముక్కలతో) ఎక్కారు. అప్పటికి ఇలాంటి క్యామ్‌లు దొరికేవి కావు. (ఆ సంగతి గుర్తొస్తే నా నడుముకు వేలాడే సరంజామా చూసి నాకే సిగ్గేస్తుంది.) అక్కడ చిటికెన వేలు కూడా దూరని పగులులో నా దగ్గరున్న వాటిలో చిన్నది పెట్టాను. ట్రిగ్గర్ లాగి, లోపలికి తోసి, వదిలాను. నాలుగు రెక్కల్లో మూడు రాతికి ఒదిగాయి. నాలుగోది బియ్యపు గింజంత పలుకు మీద అంచు ఆనించి నిలబడింది. తీసి, బెత్తెడు కింద మళ్లీ పెట్టాను. ఈసారి నాలుగూ ఒదిగాయి. లాగి చూశాను. చేత్తో లాగితే తెలిసేది కొంచెమే, అయినా లాగకుండా ఎవరం ఉండం.

ఆ రాత్రి ఫోన్‌లో నాన్నకు చెప్పాను. ఆయన తర్కం చదువుకున్నవాడు. ఇది స్వతఃప్రామాణ్యమా, పరతఃప్రామాణ్యమా అని మొదలుపెట్టాడు. స్వతః అనే మీమాంసకుల లెక్కలో, దోషం బయటపడేదాకా జ్ఞానం దానంతటదే చెల్లుతుంది. పరతః అనే నైయాయికులు ఒప్పుకోరు: నీళ్లని తోస్తే సరిపోదు, వెళ్లి తాగి దాహం తీరితేనే అది నిజమని తేలుతుంది. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టుదీ ఆ పక్షమే. నా విషయంలో తాగి చూడడమంటే పడి చూడడం. "అక్కర్లేదురా, ఆ జాతివి ఇంతకుముందు పట్టుకున్నాయిగా, దాన్నిబట్టి ఊహించుకో" అన్నాడు నాన్న. న్యాయ దర్శనంలో దానికీ దారి ఉంది. కానీ క్యామ్ జాతి ఒకటే అయినా రాయి జాతి ఒకటి కాదు. ఫ్యాక్టరీ పరీక్షలో ఈ పగులు లేదు.

నైయాయికుడే అయిన ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో సందేహానికి ఒక హద్దు గీశాడు. నీ సందేహం నీ పనికే అడ్డం తగిలేచోట ఆగాలి. పొగ కావాలని నిప్పు రాజేసేవాడు నిప్పుకీ పొగకీ సంబంధం ఉందో లేదో అని ఇంకా నసగకూడదు. తర్వాత వేదాంతి శ్రీహర్షుడు వచ్చి, ఆ శ్లోకాన్నే తిరగేసి, అలాంటి అడ్డు సందేహాన్ని ఆపలేదని వాదించాడు. పుస్తకంలో ఎవరు గెలిచారో నాన్న చెప్పాలి. రాతి మీద మాత్రం నా ఓటు శ్రీహర్షుడికే. ఆ క్యామ్ దాటి పైకి కాలు వేసినప్పుడు నాకు సందేహం తీరలేదు, నాతోపాటే ఎక్కింది. చేయి అందినంతలోనే ఇంకొకటి పెట్టించింది అదే. గేర్ మీద నూటికి నూరుపాళ్లు నమ్మకం అనేవాడికి కింద నిలబడి తాడు (బిలే) పట్టాలంటే నాకు భయం.

అమ్మ ఫోన్ లాక్కుని, "వెంకన్న మీద భారం వేసి ఎక్కు" అంది. ఇది నాన్న మాటకంటే కష్టమైన మాట. అమ్మ భారం వేసేముందు పలుకులు వెతకదు, లాగి చూడదు. తమ్ముడి ఉద్యోగం పోయిన ఏడు కూడా ఆవిడ మొక్కు ఆపలేదు. బాధకం, అంటే నమ్మకాన్ని కొట్టేసే రుజువు, కనబడింది కదా అని అడిగితే నా మొహం చూసి నవ్వింది. పట్టుకుంటాడని నమ్మడం కాదు ఆవిడది. పట్టుకోకపోయినా ఆయన చేతిలోనే ఉన్నాననుకోవడం. దానికి శరణాగతి అని పేరుంది. నాకు అది రాదు. రెక్క వంగిన క్యామ్‌ను నేను ఆ సాయంత్రమే పారేస్తాను. తట్టితే డొల్లగా మోగే రాతి పలక వెనక అయితే అసలు పెట్టనే పెట్టను. అది ఎంత బాగా ఒదిగినా, నేను పడ్డప్పుడు ఆ రెట్టింపు తోపుడే పలకను ఊడదీస్తుంది. అమ్మకు ఇదంతా చెప్పాను. "సరే, ఆ పలక ఉన్న దారి ఎక్కకు మరి" అంది.