అది వ్యాసంలో రాయొచ్చా టీచర్?

పోయిన వానాకాలం తొమ్మిదో తరగతి పిల్లలకు ‘చెరువుల సంరక్షణ’ మీద వ్యాసం ఇచ్చాను. శామీర్‌పేట మండలంలోని మా జిల్లా పరిషత్ బడికి చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ నుంచి పిల్లలు వస్తారు. ముప్పై ఎనిమిది నోటుబుక్కులు సంచిలో పెట్టుకుని మేడ్చల్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాను. దాదాపు అన్నీ నీరు ప్రాణికోటికి ఆధారం అనే మాటతోనే మొదలయ్యాయి. ఉపోద్ఘాతం, విషయ వివరణ, లాభాలు, నష్టాలు, ఉపసంహారం. నడుమ 2015లో మొదలైన మిషన్ కాకతీయ ప్రస్తావన. చివర ‘కావున మనమందరం చెరువులను కాపాడుకోవాలి’. గైడులో ఉన్నది ఉన్నట్టు దిగింది. ఒకమ్మాయి దస్తూరి ముచ్చటగా ఉంది, ఒక్క అక్షరదోషం లేదు. పదికి తొమ్మిది వేశాను.

ఆ పిల్ల ఇల్లు వాళ్ళ ఊరి కుంట కట్ట కిందే. తండ్రి చేపలు పడతాడు. మర్నాడు నోటుబుక్కు చేతికిస్తూ మాటవరసకు అడిగాను.

“మీ కుంట నిండిందా బిడ్డా ఈసారి?”

మొహం వెలిగిపోయింది. “నిండింది టీచర్. మొన్న శుక్రారం రాత్రి మత్తడి దుంకింది. మా నాయన వల పట్టుకొని ఉరికిండు. మత్తడి కాడ చాపలు ఎదురెక్కుతయి టీచర్, కింది నీళ్ళకెళ్ళి పైకి. చీకట్ల మా తమ్ముడు టార్చిలైటు పట్టిండు, నేను బుట్ట పట్టిన.”

“మరి ఇదంతా రాయలేదేం?”

నిజంగానే ఆశ్చర్యపోయింది. “అది వ్యాసంలో రాయొచ్చా టీచర్?”

ఇరవై రెండేళ్ళుగా తెలుగు చెప్తున్నాను. వ్యాసం ఎలా రాయాలో బోర్డు మీద గీతలు గీసి మరీ నేర్పాను. ఆ పిల్ల అడిగింది దాని గురించే. కానీ ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న వేరే: తన కళ్ళతో చూసినదాన్ని పక్కనపెట్టి, ఎవరో రాసిపెట్టినదాన్ని తన పేరు కింద రాయడం అసత్యమవుతుందా? అవుతే ఆ దోషం ఎవరిది?

భాషాప్రవీణ చదివే రోజుల్లో మాకు తర్కసంగ్రహం పాఠంగా ఉండేది. అన్నంభట్టు రాసిన చిన్న పుస్తకం. ఆయన పదిహేడో శతాబ్దపు తెలుగువాడు. బాలురకు సులువుగా బోధపడాలని ఈ పుస్తకం చేస్తున్నానని మొదటి శ్లోకంలోనే చెప్పుకున్నాడు. ఆ బాలుడు ఎవరో వ్యాఖ్యాతలు వివరించారు: పాలు తాగే పసివాడని కాదు, వ్యాకరణం, కావ్యం చదివి తర్కం ఇంకా ముట్టనివాడని. నా తొమ్మిదో తరగతి పిల్లలు నాకు అలాగే కనిపిస్తారు.

కొండ మీద పొగను చూసి అక్కడ నిప్పుందని తెలుసుకోవడం ఆ పుస్తకంలో అనుమానానికి ఉదాహరణ. అనుమానం అంటే అక్కడ సందేహం కాదు, కనిపించినదాన్ని పట్టుకుని కనిపించనిదాన్ని తెలుసుకోవడం. అది రెండు రకాలు. తన కోసం తాను తెలుసుకునేది స్వార్థానుమానం. అలా తెలుసుకున్నదాన్ని ఎదుటివాడికి తెలియజెప్పేది పరార్థానుమానం. మొదటిదానికి మాటలతో పనిలేదు. వంటింట్లోనూ మరోచోటా పొగ ఉన్నచోట నిప్పు ఉండడం తానే మళ్ళీమళ్ళీ చూసి ఉండాలి, అంతే. ఆ చూడడానికి భూయోదర్శనం అని పేరు. రెండోదానికి మాత్రం ఐదు అవయవాల వాక్యం కావాలి: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం.

క్లాసులో ఇది చెప్పేటప్పుడు కొండకు బదులు కీసరగుట్టను, వంటింటికి బదులు మా మధ్యాహ్న భోజనం షెడ్డును పెడతాను. గుట్ట మీద నిప్పుంది, ఇది ప్రతిజ్ఞ. ఎందుకంటే పొగ లేస్తోంది, ఇది హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, మన వంట షెడ్డులో లాగా, ఇది ఉదాహరణ. ఈ గుట్ట మీద లేచేదీ అలాంటి పొగే, ఇది ఉపనయం. కాబట్టి గుట్ట మీద నిప్పుంది, ఇది నిగమనం. కట్టెల పొయ్యి మీద అన్నం ఉడుకుతూ షెడ్డు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటుంది. పొగ క్లాసులోకి వచ్చి కళ్ళు మండుతాయి కూడా. ఎవరూ కాదనలేరు. ఉదాహరణ అంటే అలా ఉండాలి, చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ ఇద్దరూ ఒప్పుకునేదిగా.

ఐదెందుకు, మూడు చాలన్నారు మీమాంసకులు. మొదట చెప్పిందే చివర చెప్పడం పునరుక్తి కదా అన్న శంక సహజమే. నేను మాత్రం నైయాయికుల పక్షం. మొదట్లో ఆ మాట ఒంటరిగా వస్తుంది. చివర్లో హేతువును, ఉదాహరణను వెంటబెట్టుకుని వస్తుంది. పిల్లల ఉపసంహారంలో ‘కావున’ ఉంటుంది, దాని వెనక ఏదీ ఉండదు. ‘మనమందరం’ అంటే ఎవరెవరని ఒకసారి అడిగితే క్లాసంతా మౌనంగా కూర్చుంది.

అన్నిటికన్నా ఉపనయం దగ్గర నా మనసు ఆగుతుంది. లోకంలో అంతటా నిజమైన మాటను తెచ్చి ఈ గుట్టకు తగిలించే అవయవం అది. ముప్పై ఎనిమిది నోటుబుక్కుల్లో ‘ఈ’ అనే మాట లేదు. ఈ కుంట లేదు, ఈ కట్ట లేదు. మూలం వెతికితే అసలు లోపం ఇంకా ముందుంది. స్వార్థం అనే మాటను రోజూ చెడ్డ అర్థంలో వాడతాం గానీ తర్కశాస్త్రంలో స్వార్థం లేనిదే పరార్థం లేదు. తనకు తెలిసిన తరవాతే ఎదుటివాడికి చెప్పడం. నేను ఇన్నేళ్ళుగా పిల్లలతో స్వార్థం లేని పరార్థం రాయిస్తున్నాను. ఆ అమ్మాయికి కుంట విషయంలో భూయోదర్శనం ఉంది. పుట్టినప్పటి నుంచి చూస్తోంది. ఆ చూపుకు వ్యాసంలో చోటు లేదని ఆమెకు ఎవరు చెప్పారు? నోరు తెరిచి నేను చెప్పలేదు. ఎర్ర సిరాతో చెప్పాను.

భగవద్గీత పదిహేడో అధ్యాయంలో వాక్కుతో చేసే తపస్సు గురించి ఉంది. ఎదుటివారిని నొప్పించని మాట, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది, దానితో పాటు స్వాధ్యాయం. ఆ పిల్ల వ్యాసం నొప్పించదు. ప్రియంగానే ఉంది, హితమే చెప్పింది. చెరువులను కాపాడుకోవాలన్నది అబద్ధమూ కాదు. మరి లోటెక్కడ? కురుక్షేత్రంలో ధర్మరాజు ద్రోణుడితో అన్న మాటలు విడివిడిగా చూస్తే నిజమే. ఏనుగు చచ్చిన మాట నిజం. అయినా అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున నడిచిన ఆయన రథం నేలకు దిగింది. మాట నిజమైతే చాలదు, మాట్లాడేవాడు ఆ మాటలో ఉండాలని భారతం ఒప్పుకున్నట్టే కదా. అయితే ధర్మరాజు మోసగించాలని అన్నాడు. ఈ పిల్లకు ఆ ఉద్దేశం లేదు. గైడులోదని నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు. అందుకే ఆమె మీద దోషం లేదంటాను. సొంత కళ్ళకు విలువ లేదన్న అలవాటును పెంచినవాళ్ళ మీద ఉంది.

స్టాఫ్ రూములో ఈ మాట అంటే సోషల్ సార్ అడ్డు తగిలారు. “గాంధీ గారి మీద రాయమంటే ఏం చేస్తారమ్మా? ఎవడు చూశాడు?” న్యాయమైన ప్రశ్న. దానికీ అన్నంభట్టు దగ్గర దారి ఉంది. ప్రత్యక్షం, అనుమానం లాగే శబ్దమూ ప్రమాణమే, కాకపోతే అది ఆప్తుడి వాక్యం కావాలి. ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. గాంధీ గారి గురించి ఆత్మకథ చెబుతుంది, తాతయ్య చెబుతాడు. ఎవరు చెప్పారో ఆ మాట కూడా రాస్తే పిల్లవాడు సత్యంలోనే ఉంటాడు. వాళ్ళ కుంటను ఎన్నడూ చూడని గైడు ఆ కుంట విషయంలో ఆప్తుడు ఎలా అవుతుంది? బట్టీ పట్టడాన్ని నేను తప్పు పట్టను. వేమన పద్యం కంఠస్థం చేసిన పిల్ల అది వేమనదేనని చెప్పి చదువుతుంది.

లెక్కల సార్ ఇంకో మాట అందించారు, అది నాకు ఎంతగానో పనికొచ్చింది. మన భాషలో వృత్తానికీ వ్యాసమే, రచనకూ వ్యాసమే. వృత్తంలో ఈ అంచు నుంచి ఆ అంచుకు ఎన్ని గీతలైనా గీయొచ్చు, అవన్నీ జ్యాలు. కేంద్రం గుండా పోయినదే వ్యాసం. మర్నాడు బోర్డు మీద అదే గీశాను.

ఆ అమ్మాయిని మళ్ళీ రాయమన్నాను. రెండు పేజీలు రాసింది. ఉపోద్ఘాతం లేదు, శుక్రవారం రాత్రితో మొదలైంది. చేప ఎదురెక్కేటప్పుడు తోక ఎలా కొడుతుందో నాలుగు వాక్యాల్లో చెప్పింది. మునుపు మత్తడి నీళ్ళు పోయే కాలువ మీద ఇప్పుడు ప్లాట్ల రాళ్ళు పాతారని, నీళ్ళు వాళ్ళ వాకిట్లోకి వచ్చాయని రాసింది. ‘ఆ నీళ్ళు ముందుకు ఎటు పోతాయో నాకు తెలియదు, నాయనను అడగాలి’ అని ఒక వాక్యం. చదువుతూ ఎంత సంతోషించానో చెప్పలేను. అయినా చెయ్యి అలవాటు మానలేదు. ‘దుంకింది’ని కొట్టేసి పైన ‘పొంగి ప్రవహించింది’ అని దిద్దాను. దిద్దాక చూసుకున్నాను. పొంగడం వేరు, దుంకడం వేరు. నిండిన కుంట మత్తడి అంచు మీంచి కిందికి దూకుతుంది, ఆమె చూసింది అది. నా మాట రాగానే ఆ దృశ్యం పోయింది.

ఈ తగవు కొత్తది కాదు. 1912–13లో మద్రాసు రాజధానిలో స్కూలు ఫైనలు పరీక్షలో తెలుగు వ్యాసాన్ని గ్రాంథికంలోనైనా, ఆధునిక భాషలోనైనా రాయవచ్చని అనుమతి వచ్చింది. జయంతి రామయ్య పంతులు వంటి పండితులు గట్టిగా వ్యతిరేకించారు. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు వాడుక భాష వైపు నిలబడ్డారు. గురజాడ 1914 నాటి అసమ్మతి పత్రం ఆ వివాదంలోనిదే. కొద్దికాలానికే ఆ అనుమతి రద్దయింది. మనం అప్పుడు నిజాం రాజ్యంలో ఉన్నాం, ఆ ఉత్తర్వు మన బడులకు వర్తించేది కాదు. కానీ ఆధునిక భాషకు నమూనాగా అప్పట్లో చూపిన పుస్తకాల్లో ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ ఒకటి. 1830లో మద్రాసు నుంచి బయలుదేరి, హైదరాబాదు దాటి నాగపూర్ వైపు సాగిన యాత్రికుడు ఆయన. ఇవాళ మా మేడ్చల్ మీదుగా పోయేదీ నాగపూర్ రోడ్డే. దారి ఎలా ఉంది, నీళ్ళున్నాయా, మజిలీలో ఏం దొరికింది, అన్నీ ఏ రోజుకారోజు రాసుకుంటూ పుణ్యక్షేత్రానికి వెళ్ళాడు. పిల్లలకు చూపడానికి అంతకన్నా మంచి వ్యాసకర్త నాకు తోచడు.

నోటుబుక్కు తిరిగి ఇచ్చేటప్పుడు, నువ్వు రాసిందే సరైన మాట, నేను దిద్దింది తప్పు అని క్లాసులో అందరి ముందూ చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించింది.

“పదో తరగతి పరీక్షలో కూడా దుంకింది అనే రాయాల్నా టీచర్?”

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ పేపరు ఇంకో జిల్లాకు పోతుంది. స్పాట్ వాల్యుయేషన్‌లో నాకు తెలియని టీచరు దాన్ని దిద్దుతారు. ఉపోద్ఘాతం ఎక్కడని వెతుకుతారేమో. ఒక మార్కు పోతే పోయేది ఆమెది, నాది కాదు. నా సత్యానికి ఆమె చేత మూల్యం కట్టించే హక్కు నాకు ఉందా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. క్లాసంతా నా మొహం చూస్తోంది.

“రాయి బిడ్డా” అన్నాను.

తలూపి కూర్చుంది. పెన్ను తీసి, నేను కొట్టేసిన చోట, నా ఎర్ర సిరా పక్కనే నీలి సిరాతో ‘దుంకింది’ అని మళ్ళీ రాసుకుంది.